రోడ్డు మీద ఉలవలు

దిబ్బూరహళ్ళిలో కెంపమ్మ సైకిలు తొక్కడానికి కారణం పట్టుపురుగులు. అవి మేసే రేష్మె ఆకు, అంటే మల్బరీ, తోట ఊరికి దూరం. కోసిన ఆకు ఎండకు వాడిందంటే పురుగు ముట్టదు. పురుగులు పొర విడిచే ముందు మేత మాని పడుకోవడాన్ని అక్కడ జ్వరమంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగుల ఆకలికి ఎన్ని మూటల ఆకు తెచ్చినా చాలదు. భర్త సీనప్ప బెంగళూరు మిల్లుకు పోతూ వదిలేసిన సైకిలు గోడకు ఆనించి ఉండేది. ఒక వేసవిలో కెంపమ్మ దాన్ని బయటికి తీసి, చీర కచ్చ కట్టుకుని, వెనక ఆకు మూట పెట్టి తొక్కుకుంటూ వచ్చింది. ఊరు నవ్వింది. అత్త హనుమక్క నవ్వలేదు.

"నవ్వేటోళ్ళు రాండి, ఒక్కొక్క మూట మోస్తురు" అంది. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

నేను ఆ ఊరి బడికి టీచరుగా వచ్చిన కొత్త. చిక్కబళ్ళాపురంలో మా నాన్నకు సైకిళ్ళు బాడుగకిచ్చే అంగడి ఉండేది కాబట్టి నాకూ తొక్కడం వచ్చు. ఒక పొద్దున బడికి పోతుంటే, మనిషి కనబడనంత ఆకు మూట ఒకటి నన్ను దాటిపోయింది. పోతూ పోతూ ఆ మూట మాట్లాడింది.

"చైనుకు నూనె పెట్టు టీచరమ్మా, పాపం ఏడుస్తాండాది!"

కెంపమ్మతో నా పరిచయం అది. తన చైనుకు ఆమె ఆముదమే పెట్టేది. కిరసనాయిలు వాసన చేతికంటితే పురుగులు మేత మానేస్తాయని భయం.

అరవై మూడో సంవత్సరం జనవరిలో చింతామణిలో ఆడవాళ్ళకు మూడు రోజుల సైకిలు పందెం పెట్టారు. మొదటి రోజు చింతామణి నుంచి చిక్కబళ్ళాపురం, రెండో రోజు అక్కణ్ణుంచి బాగేపల్లి, మూడో రోజు బాగేపల్లి నుంచి దిబ్బూరహళ్ళి మీదుగా తిరిగి చింతామణి. జట్టుకు ముగ్గురు. ముగ్గురిలో ఆఖరున వచ్చిన మనిషి ఏ వేళకు చేరితే అదే జట్టు వేళ. ఒక్కరు రాకపోయినా ఆ జట్టు లేనట్టే. గెలిచిన జట్టులో ఉద్యోగం లేనివాళ్ళకు ఆ ఏడు గ్రామసేవికల తరబేతిలో, అంటే ఉద్యోగానికి ముందిచ్చే శిక్షణలో, చోటు ఇప్పిస్తామన్నారు. నాకు ఉద్యోగం ఉంది. మా జట్టులో మూడో మనిషి మునిరత్నమ్మ, చిక్కబళ్ళాపురం కాంపౌండరు కూతురు. ఆమెకు సరదా ఉంది, పెళ్ళి కుదిరి ఉంది. ఇక ఆ చోటు కావలసింది కెంపమ్మకే. పెళ్ళికి ముందు ఏడో తరగతి పాసైంది కూడా.

అత్తను అడగడానికి నన్ను తోడు తీసుకుపోయింది. హనుమక్క పెరట్లో, కాయలతోనే కోసుకొచ్చిన ఉలవ కట్టె మోపులు పేరుస్తూ ఉంది. ఆ ఏడు ఎద్దుల్ని అమ్మేశారు. కల్లం తొక్కించే దారి లేక పైరంతా అట్లాగే పడి ఉంది.

"పందెమా? మీరేమన్నా పొట్టేళ్ళాయేమే?" అంది హనుమక్క.

"పొట్టేలు గెల్సినా ఓడినా కూరే గదత్తా. మాకట్ల కాదులే, ప్రైజిస్తారు."

"ఏం ప్రైజు?"

కెంపమ్మ ఆ మాట దాటేసింది. "మూడో దినం పందెం మన ఊరి మీదనే పోతాది చూడు. ముందర జీపు, యెనక లారీ, నడాన సైకిళ్ళే సైకిళ్ళు! అన్ని చక్రాలు నీ జన్మలో చూసిండవు."

"లారీ గూడానా?" హనుమక్క మోపు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. "సరే పో. ఇప్పుడు పురుగులు లేవు గదా."

అంత సులభంగా ఒప్పుకుంటుందని మేం అనుకోలేదు.

మొదటి రోజు బాగానే గడిచింది. చిక్కబళ్ళాపురంలో మా నాన్న అంగడి ముందే టేపు కట్టారు. మేం అందరికంటే ముందు చేరాం. రెండో రోజు బాగేపల్లి దారిలో మిట్ట ఎక్కలేక మునిరత్నమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

"గెలిపించితే కైవారం గుడికి నడిచొస్తానని మొక్కుకున్నా కెంపక్కా!"

"ముందు బాగేపల్లికి తొక్కుకోనిరా తల్లీ, కైవారం యాడికీ పోదు" అని, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, రెండో చేయి మునిరత్నమ్మ వీపు మీద ఆనించి, కెంపమ్మ ఆమెను మిట్టంతా తోసుకొచ్చింది. ఆకు మూట మోసిన మనిషికి మునిరత్నమ్మ ఒక బరువు కాదు. ఆ రోజు కూడా మాదే ముందు.

బాగేపల్లిలో మమ్మల్ని ఒక బడిలో దించారు. సాయంత్రం బావి దగ్గర చీరలు పిండుకుంటుంటే కెంపమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"తరబేతిలో రూము ఇస్తారంట గదక్కా. దానికి లోపలి పక్క గడియ ఉంటాదా?"

"ఉంటుంది. ఎందుకు?"

"ఉగాదికి ఆయన వస్తాడంట. మిల్లులో పని పోయిందంట. బెంగళూరులో చేసుకున్న ఆయమ్మనీ పిల్లోళ్ళనీ పిల్చుకోని వస్తాడంట." చీర దులిపి తీగ మీద వేసింది. "ఆ ఇంట్లో ఉండేది ఒగ రూము, ఒగ పురుగుల రూము. వాళ్ళొచ్చేలోగా నేను ఆడ ఉండకూడదక్కా. ఉంటే ఇంక యాడికీ పోలేను."

"మీ అత్తకు తెలుసా, నువ్వు వెళ్ళిపోవాలనుకుంటున్నట్టు?"

"అత్తకు చెప్పొద్దు. కొడుకొస్తాడని ఇప్పట్నుంచే బియ్యం దాచిపెట్టుకుంటాంది. నేను పోతానంటే ఏడవాల్నో నవ్వాల్నో తెలీక తిక్కదైపోతాది."

మూడో రోజు పొద్దున చలిలో బయలుదేరాం. వెనకాల జట్టు కనుచూపు మేరలో లేదు. ఇంక పడకుండా తొక్కితే చాలు. దిబ్బూరహళ్ళి దగ్గర పడుతుంటే కెంపమ్మ మా ఇద్దరికీ చెప్పింది.

"మావూర్లో ఎవురు పిల్చినా నిలబడొద్దండి. ఆరతెత్తినా, టెంకాయ కొట్టినా నగుతా పోయేదే."

ఊరి ముందర దిగుడు. దిగుడు చివర మలుపు. మలుపు తిరిగేసరికి రోడ్డు లేదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉలవ కట్టె, మోకాలెత్తున పరిచి ఉంది, ముందర పోయిన జీపు చక్రాల జాడతో. రెండు పక్కలా జనం. అవతలి అంచున ఆరతి తట్ట పట్టుకుని హనుమక్క, ముఖమంతా నవ్వు.

"కట్టె! బ్రేకు పట్టండి!" అని కెంపమ్మ వెనక్కి అరిచింది. మమ్మల్ని హెచ్చరించడానికి తల తిప్పింది గాని, తను ఆగడానికి చోటు మిగల్లేదు. ముందరి చక్రం కట్టెలోకి దూరింది, తీగలు చైనుకు చుట్టుకున్నాయి, కింద రాలిన ఉలవల మీద వెనక చక్రం జారింది. కెంపమ్మ పక్కకు పడింది. మునిరత్నమ్మ సైకిలుతో సహా వచ్చి ఆమె మోకాలి మీద పడింది. నేను రోడ్డు దిగి చేన్లో పడ్డాను.

ఆరతి తట్ట కింద పెట్టి హనుమక్క పరిగెత్తుకొచ్చింది.

"అదేమే అట్ల పడితివి! లారీ వస్తాది, జీపు వస్తాది, అన్ని చక్రాలంటివి గదే! ఎద్దులు లేవు, ఒగ దినంలో కల్లం అయిపోతాదనుకుంటి. మెల్లగా తొక్కుకుంటా పోతారనుకుంటినమ్మా!"

"ఎద్దులకు చైనుంటాదాత్తా?" అన్నాడు పక్కింటి బయ్యప్ప. ఒకరిద్దరు నవ్వారు. కెంపమ్మ కూడా నవ్వబోయి, కాలు కదిపి, పెదవి కొరుక్కుంది.

హనుమక్కే కొడవలి తెచ్చింది. రోడ్డు మీద చతికిలబడి, చైనుకు చుట్టుకున్న తీగల్ని ఒక్కొక్కటే కోసింది. కోసిన ప్రతిసారీ తలెత్తి, "ఇప్పుడు పోతాదా? ఇప్పుడు?" అని అడుగుతూ ఉంది. అంతలో వెనక జట్టు వచ్చింది. వాళ్ళకు దూరం నుంచే గుంపు కనబడింది కాబట్టి దిగి, సైకిళ్ళు భుజాన వేసుకుని చేని గట్టు మీద నడిచి పోయారు. వాళ్ళ వెనక ఇంకో జట్టు.

కెంపమ్మను లేపి సైకిలెక్కించాం. ఒంటి కాలితో తొక్కింది. నిన్న తనను తోసిన మనిషిని ఈసారి మునిరత్నమ్మ తోసింది, వెక్కుతూనే. ఊరవతల చెరువు కట్ట దాకా వచ్చాం. కట్ట ఎక్కేచోట కెంపమ్మ దిగలేదు, పక్కకు ఒరిగిపోయింది. మోకాలు తలకాయంత వాచి ఉంది.

"మీరు పోండి" అంది.

"ముగ్గురం లేకుంటే లెక్కలేదు గదా" అన్నాను.

"తెల్సు. అయినా పోండి. మీ కాళ్ళు బాగుండాయి గదా."

వెనక వచ్చే లారీ ఆమెనూ సైకిలునూ ఎక్కించుకుంది. ఆ లారీ కూడా ఉలవ కట్టె తొక్కుకుంటూనే వచ్చింది. మేమిద్దరం చింతామణి చేరాం. మమ్మల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మోకాలికి నాటువైద్యుడు కట్టు కట్టాడు. కట్టు విప్పాక కాలు మడవడానికి రాలేదు. ఉగాదికి సీనప్ప వచ్చాడు, అన్నట్టే, ఆ మనిషితో, పిల్లలతో. కెంపమ్మ చాప పురుగుల గదిలోకి మారింది. బుట్టలు పెట్టిన కట్టెల స్టాండ్ల నడుమ పడుకునేది. ఆ గదికి గడియ బయటి పక్కే ఉండేది, పురుగుల్ని ఎలుకల నుంచి కాపాడటానికి. సైకిలు సీనప్ప తీసుకున్నాడు. ఆకు మళ్ళీ నెత్తి మీదకు వచ్చింది. కుంటుతూ తెచ్చేసరికి సగం వాడిపోయేది. ఆ ఏడు రెండు పంటలు పోయాయి. దానికి ఆ ఇంట్లో కెంపమ్మనే అన్నారు.

రెండేళ్ళ తరవాత దిబ్బూరహళ్ళికి గ్రామసేవిక వచ్చింది. ఆ రోజు సైకిలు భుజాన వేసుకుని గట్టు మీద పోయినవాళ్ళలో ఒక పిల్ల. పొగ రాని పొయ్యి ఎలా కట్టాలో చెప్పడానికి ఆ ఇంటికే పోయిందట. ఆ పిల్ల సైకిలు ఎక్కి వెళ్ళిపోతుంటే కెంపమ్మ వాకిట్లో నిలబడి, "చైనుకు నూనె పెట్టమ్మా" అన్నదట. ఈ సంగతి నాతో చెబుతూ కెంపమ్మే నవ్వింది. అప్పటికే నేను చిక్కబళ్ళాపురం బదిలీ అయిపోయి, ఎప్పుడన్నా పోయి చూసొచ్చేదాన్ని. పోయిన ప్రతిసారీ ఆమె కొంచెం చిన్నదైనట్టుండేది. మళ్ళీ తరబేతికి రాస్తానంటే, "ఈ కాలుతో యాడికక్కా" అనేది. పందెం మాట అత్త ముందర ఒక్కసారీ ఎత్తలేదు. నన్నూ ఎత్తనివ్వలేదు.

ఈ జనవరిలో కెంపమ్మకు జ్వరం వచ్చింది. పురుగులు లేని కాలం కాబట్టి పడుకోనిచ్చారు. ఆ జ్వరం నుంచి లేవలేదు. నాకు బస్సు కండక్టరు చెప్పేటప్పటికే మట్టి చేసేశారు. పదకొండో దినానికి పోయాను.

అదే మలుపులో బస్సు నెమ్మదించింది. రోడ్డు మీద ఉలవ కట్టె. బస్సు దాని మీదనే పోయింది. కాయలు పగిలే చప్పుడు కాళ్ళ కింద వినబడింది. దిగి వెనక్కి నడిచాను. హనుమక్క గుడ్డతో తల కట్టుకుని, కర్రతో కట్టె తిరగేస్తూ ఉంది. నన్ను గుర్తుపట్టి కర్ర పట్టుకునే ఏడ్చింది.

"ఈ పొద్దుగూడా కల్లమేనా అనుకోవద్దమ్మా. మబ్బు పట్టుండాది, తడిస్తే నల్లబడిపోతాది." కళ్ళు తుడుచుకుని, తలవంచుకుని అడిగింది. "శానా దినాల నుంచి అడగల్లనుకుంటాండా. ఆ పొద్దు పందెంలో గెల్సింటే దానికి ఏమిచ్చుందురమ్మా?"

రోడ్డు అవతల పిల్లలు ఉలవలు ఏరుకుంటున్నారు.

"ఇత్తడి బిందె" అన్నాను.

"బిందేనా?" హనుమక్క తలెత్తింది. చాలాసేపు నా ముఖంలోకి చూసింది. "బిందెలు మనింట్లోనే మూడుండాయి గదమ్మా. అదేమో ఏందో పోయినట్ల రెండు దినాలు అన్నం తినలేదు." గట్టిగా ఊపిరి వదిలి, మళ్ళీ కర్ర తీసుకుని కట్టెను రోడ్డు నడిమికి తోసింది. దూరంగా దిగుడు వైపు చూసింది.

"మళ్ళీ బస్సు ఎప్పుడొస్తాదో నీకేమన్నా తెల్సా తల్లీ?"