ఖాయమేనా మావయ్య

ఆయన దగ్గర ఉన్న ప్రశ్న ఒక్కటే. దాన్నే మూడుసార్లు అడుగుతాడు.

"ఖాయమేనా?"

పాత లాప్‌టాప్‌లు కొని, లోపల ఉన్నదంతా చెరిపేసి, కొన్న రోజున ఎలా ఉందో అలా చేసి మళ్లీ అమ్మే కొట్టు ఆయనది. అంటే చెరపడమే ఆయన వృత్తి. చెరపాలంటే ఆయనకు చెయ్యి రాదు. కత్తెర చూస్తే కళ్లు తిరిగే దర్జీని ఊహించుకోండి, అదీ ఆయన వ్యవహారం. వీధిలో వాళ్లందరికీ ఆయన ఖాయమేనాగారు. కొట్టులో సగం భాగస్వామి అయిన మేనకోడలికి మాత్రం మావయ్య. ఆమె కంప్యూటర్ల చదువు చదివి, నాలుగు ఉద్యోగాలు చేసి, నాలుగింటిలోనూ పైవాళ్ల మొహం మీదే నిజాలు చెప్పి బయటికొచ్చి, ఇక తను మాట్లాడినా ఊడనిది ఈ కొట్టొక్కటేనని తేల్చుకుని ఇక్కడ స్థిరపడింది.

ఈ జబ్బు ఆయనకు వృత్తితో వచ్చింది కాదు. పుట్టుకతో వచ్చిందని అత్తయ్య సాక్ష్యం.

"పెళ్లి రిజిస్టరులో సంతకం పెట్టబోతున్నానే. పక్కనుంచి ‘ఖాయమేనా?’ అన్నాడు. ఖాయమన్నాను. పెన్ను మూత తీశాను. మళ్లీ ‘ఖాయమేనా?’. రిజిస్ట్రారు కళ్లజోడు తీసి నావైపు జాలిగా చూశాడు. మూడోసారి అడిగేసరికి ఒళ్లు మండి, ‘ఇంకోసారి అడిగితే కాదంటాను’ అన్నాను. అప్పుడు పెద్ద బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకుని తన సంతకం పెట్టాడు, మహానుభావుడు."

ఒకసారి బస్సెక్కి, "ఇది ఆసుపత్రి మీదుగా వెళ్తుందా?" అని అడిగాడు. వెళ్తుందన్నాడు కండక్టరు. "ఖాయమేనా?" ఖాయమే. "ఖాయమేనా?" ఖాయమేనండీ బాబూ. మూడోసారికి కండక్టరుకే అనుమానం వచ్చింది. బస్సు ఆపించి, కిందికి దిగి, ముందుకెళ్లి బోర్డు చదువుకుని వచ్చాడు. పదకొండేళ్లుగా అతనిది అదే రూటు.

ఇక కొట్టులో ఆయన పద్ధతి చూడాలి. ఎవరైనా లాప్‌టాప్ తెచ్చి బల్లమీద పెట్టగానే చార్జరు తగిలిస్తాడు. మెత్తటి కుంచెతో మీటల సందుల్లో దుమ్ము దులుపుతూ మొదటి ‘ఖాయమేనా’ అడుగుతాడు. ఖాయమంటే యంత్రాన్ని వాళ్లవైపు తిప్పేసి, తను కుర్చీతో సహా గోడవైపు తిరిగిపోతాడు.

"లోపల ఏమేం ఉన్నాయో ఒక్కసారి చూసుకోండి. నేను చూడను. నేను గోడ చూస్తుంటాను."

నిజంగానే గోడ చూస్తాడు. ఆ గోడ మీది చెమ్మ మరక ఏ నెలలో ఎటువైపు ఎంత పాకిందో ఇంటి యజమానికి తెలియదు, ఈయన్ని అడిగితే చెప్పేస్తాడు. చూసుకున్నామని వాళ్లంటే ఇటు తిరిగి రెండోసారి అడుగుతాడు. ఖాతాల్లోంచి బయటికి వచ్చారా లేదా, అన్నీ సరిచూసి, ‘అన్నీ తొలగించు’ అనే చోట వేలు గాలిలో ఆపి మూడోసారి అడుగుతాడు.

"అదే అడుగుతుంది కదా మావయ్యా, తెరమీద? నువ్వెందుకు మళ్లీ?" అంటుంది మేనకోడలు.

"అది మన మాట వినడానికి అడగదే అమ్మడూ. రేపు ఏదైనా అయితే తన మీదికి రాకుండా అడుగుతుంది."

ఫలితం ఏమిటంటే, అమ్ముదామని వచ్చినవాళ్లలో సగంమంది అమ్మకుండానే వెళ్లిపోయేవారు. రిటైరైన లెక్కల మాస్టారొకాయన, "నలభై ఏళ్లు పిల్లల్ని అడిగినవాణ్ణి, నన్నే అడుగుతావా!" అని మండిపడ్డాడు. రెండో ఖాయమేనా దగ్గర, కరెంటు ఆఫీసుకు తాను రాసిన యాభై ఏడు ఫిర్యాదు ఉత్తరాలూ కంటపడ్డాయి. ఒక్కొక్కటే తెరిచి పైకి చదువుకుంటూ, "ఆహా, ఏం రాశాను! ఎక్కడా తగ్గలేదు!" అని లాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని ఇంటికి పోయాడు. గోడవైపు తిరిగి ఉన్న మావయ్య యాభై ఏడూ విన్నాడు.

ఎదురు కొట్టువాడు ఇదే పని పది నిమిషాల్లో ముగిస్తాడు. పేరు కూడా అడగడు. జనం అటే పోతున్నారు. ఇంకో రెండు నెలలు ఇలాగే సాగితే కొట్టు మూసుకోవాలి. ఆ సంగతి మేనకోడలికి నిద్రలో కూడా గుర్తుండేది. మావయ్యకు చెబితే "ఖాయమేనా?" అంటాడని చెప్పలేదు.

అలాంటి రోజుల్లో ఆమె కాళ్లరిగేలా తిరిగి ఒక పెద్ద పని పట్టుకొచ్చింది. రెండు వీధుల అవతలి ఆఫీసు. రోజంతా ఫోన్లలో జనానికి జవాబులు చెప్పే విభాగాన్ని మొత్తంగా ఎత్తేశారు. ముప్పై రెండు మందికి పొద్దున్న ఒక మెయిలు వెళ్లింది, మధ్యాహ్నానికి వాళ్ల తలుపు కార్డులు పనిచేయడం మానేశాయి. వాళ్లు వాడిన ముప్పై రెండు లాప్‌టాప్‌లూ చెరిపి ఇవ్వాలి. పని నచ్చితే మిగతా శాఖలన్నిటిదీ వీళ్లకే ఇస్తారు. అది దొరికితే కొట్టు నిలబడుతుంది.

"మావయ్యా, ఒక్కటే కోరిక. ఈసారి అడక్కు."

"ఎవర్ని అడుగుతానే? వాళ్లెవరూ రావట్లేదుగా."

ఆమెకు ఆ జవాబు బాగానే అనిపించింది. అదే ఆమె చేసిన పొరపాటు.

ఆఫీసు మేనేజరు అట్టపెట్టెలతో దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో జాబితా, మాటిమాటికీ గడియారం వైపు చూపు. మావయ్య మొదటి యంత్రం తెరిచాడు. మేనేజరు ఆఫీసు పాస్‌వర్డ్ కొట్టాడు. తెరమీద వరసగా మూడు ఫోల్డర్లు: ‘అమ్మ మందుల టైములు’, ‘చిన్నదాని పాటలు’, ‘బయోడేటా చివరిది, నిజంగా చివరిది’.

మావయ్య టక్కున గోడవైపు తిరిగిపోయాడు.

"ఏమైందండీ?" అన్నాడు మేనేజరు కంగారుగా.

"ఇవి వాళ్ల సొంతవండీ. చెరిపేస్తున్నామని వాళ్లకి చెప్పారా?"

"కంపెనీ యంత్రాలండీ ఇవి."

"యంత్రాలు మీవే. నేను యంత్రాల గురించి అడగలేదు."

"ఆఫీసువాటిలో సొంతవి పెట్టుకోకూడదని నిబంధన ఉందండీ."

"రోజుకి పన్నెండు గంటలు కూర్చోబెడితే సొంతవి ఎక్కడ పెట్టుకుంటారండీ? ఇంట్లో పెట్టుకోవాలంటే ఇంటికెళ్లాలిగా!"

మేనకోడలు బల్ల కింద నుంచి మావయ్య కాలు తొక్కింది. ఆయన కాలు వెనక్కి తీసుకుని మేనేజరు వైపు తిరిగాడు.

"సరేనండీ. పని మీది. చెరిపేయమంటారా? ఖాయమేనా?"

"ఖాయం."

"ఖాయమేనా?"

"చెప్పానుగా..."

"ఖాయమేనా?"

మేనేజరు నుదురు తుడుచుకుని పై ఆఫీసరుకు ఫోను చేశాడు. స్పీకర్లోంచి గొంతు ఖంగుమంది. "దీనికి కూడా నన్నడగాలా? చెరిపెయ్యమను!"

మావయ్య ఫోను దగ్గరికి వంగాడు. "ఖాయమేనా సార్?"

"ఎవరది?"

"చెరిపేవాణ్ణండీ."

"ఆ, ఖాయం!"

"ఖాయమేనా సార్? అయితే ఒక కాగితం పంపించండి. ముప్పై రెండు మందికీ ఒక్క మాట చెప్పకుండా, వాళ్ల ఇంటివీ ఒంటివీ చెరిపెయ్యమని మేమే చెప్పామని రాసి, కింద సంతకం. అది రాగానే మూడోసారి అడిగి నొక్కేస్తాను."

అటువైపు కుర్చీ కిర్రుమంది. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇంకెవరితోనో గుసగుసలు. ఆ ఇంకెవరో ఇంకెవరినో అడిగినట్టున్నారు. ఆ కంపెనీలో ‘ఖాయం’ అని నోటితో అనడానికి ఎన్ని అంతస్తులైనా ఉన్నాయి, సంతకం పెట్టడానికి ఒక్క చెయ్యి కూడా పైకి లేవలేదు. ముప్పై రెండు మందిని ఒక్క పూటలో వీధిలో నిలబెట్టిన మెయిలు కింద కూడా ఎవరి పేరూ లేదట. మేనకోడలు ఆ మాట తర్వాత విన్నది.

చివరికి గొంతు కాస్త సన్నబడి వచ్చింది. "రేపు సాయంత్రం దాకా ఆగండి. కావాలంటే వచ్చి సొంతవి తీసుకెళ్లమనండి. మేనేజరు దగ్గరుండి చూసుకోవాలి. రేపటితో ఆఖరు."

ఫోను పెట్టేశాక మేనకోడలు మావయ్య వైపు ఎలా చూసిందంటే, ఆ చూపుకి ఇనుప మేకైనా వంగేది. మావయ్య మాత్రం మేనేజరు జాబితాలోని ఫోను నంబర్లు చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున్నుంచి జనం. కొట్టులో పట్టక మెట్ల మీద, మెట్లు చాలక వీధి గట్టు మీద కూర్చున్నారు. ఒకరికొకరు వీడ్కోలు చెప్పుకోవడానికి కూడా వీలు లేకుండా విడిపోయినవాళ్లు. ఇక్కడ కలిశారు.

"అయ్యో అక్కా, నీకూ వచ్చిందా మెయిలు?"

"నాకు నీకంటే నాలుగు నిమిషాలు ముందే వచ్చిందిరా. సీనియర్నిగా!"

ఒకడు పాటలు పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నాడు. ఒకామె తల్లి మందుల పట్టిక తీసుకుంది. ఇంకొకడికి ఎక్కడో ఉద్యోగాలున్నాయని తెలిసింది, అక్కడే పదిమందికి చెప్పేశాడు. ‘నిజంగా చివరిది’ బయోడేటా మనిషి మెట్ల మీద కూర్చుని దానికి ఇంకో చివరిది తయారుచేశాడు. మేనేజరు మొదట అందరినీ అనుమానంగా గమనించాడు. తర్వాత పక్క కొట్టు నుంచి కుర్చీలు మోశాడు.

మావయ్య పొద్దున్నుంచీ గోడవైపే. "అయిపోయింది, ఇటు తిరగండి బాబాయ్‌గారూ" అంటే తిరిగి, అడిగి, మీట నొక్కి, మళ్లీ అటు తిరిగేవాడు. మధ్యాహ్నానికి మెడ పట్టేసింది. ఆ తర్వాత మనుషులతో కూడా గోడతో మాట్లాడుతున్నట్టే మాట్లాడాడు.

అందరికంటే చివర ఒక నడివయసు ఆవిడ వచ్చింది. కూర్చోలేదు. చేతిసంచి భుజం మీంచి దింపలేదు.

"నా దాంట్లో ఏమీ లేదండీ. తొమ్మిదేళ్లు పనిచేశాను, సొంతది ఒక్కటి పెట్టలేదు. నిబంధన ఉందిగా. వచ్చి చెప్పి వెళ్దామని వచ్చాను."

మేనేజరు తల దించుకున్నాడు.

"ఖాయమేనా అమ్మా?" అన్నాడు మావయ్య.

"ఖాయమండీ."

"ఖాయమేనా?"

"ఏమీ లేనిదానికి ఖాయమేంటండీ..."

"ఖాయమేనా?"

"ఊఁ."

మేనకోడలు మీట నొక్కబోయింది. సాయంత్రం కావస్తోంది, ఇదొక్కటి అయితే అన్నీ అయినట్టే. అంతలో గోడవైపు నుంచి నాలుగో ‘ఖాయమేనా?’ వినబడింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లలో నాలుగోది ఆమె ఎన్నడూ వినలేదు.

ఆవిడకు నవ్వొచ్చింది. "మూడే అని చెప్పారే మావాళ్లు!"

నవ్వుతూనే సంచి కింద పెట్టి కుర్చీలో కూర్చుంది. కాసేపు ఆ యంత్రం వైపే చూసింది.

"ఏమండీ, ఒకటి పెట్టి, అప్పుడు చెరపొచ్చా?"

"మీ ఇష్టమమ్మా. నేను చూడను."

మేనేజరు నోరు తెరిచాడు. "అది కంపెనీ..." అంటూ మొదలుపెట్టి, ఆగి, తనూ మావయ్య పక్కకి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మేనకోడలు కూడా తిరిగింది. ముగ్గురూ చెమ్మ మరక చూస్తున్నారు. వెనక టకటకా టైపు చప్పుడు. తొమ్మిదేళ్లు ఊరందరి కోపాలకూ ‘క్షమించండి సార్’ అని జవాబు చెప్పిన మనిషి, ఎవరికి ఏం రాసిందో ఎవరికీ తెలియదు. చాలానే రాసింది. మధ్యలో రెండుసార్లు పకపకా నవ్వింది. ఒకసారి, "అబ్బ, ఇది ఇంకా బాగుంది" అనుకుంది.

"అయిందండీ. ఇప్పుడు చెరపండి" అని లేచింది. ఎవరూ అడగకుండానే, "ఖాయం" అంది. మీట తనే నొక్కింది. తెర నల్లబడి, ఒక శాతం, రెండు శాతం అంటూ మొదలుపెట్టింది. ఆవిడ వంద దాకా కూర్చుని చూసి, బయట మెట్ల మీద ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లింది.

"ఆవిడ దాంట్లో ఏమీ లేదని తెలుసుగా మావయ్యా. నాలుగోసారి ఎందుకు?" అంది మేనకోడలు.

"ఆవిడకి వెళ్లాలని లేదే అమ్మడూ. వచ్చిన మనిషి కూర్చోడానికి ఏదో ఒక ప్రశ్న ఉండాలిగా."

మెడ తిప్పలేక ఆయన ఆ మాట కూడా గోడకే చెప్పాడు. మేనకోడలు నూనె సీసా వెతికి తెచ్చి ఆయన మెడకు రాసింది. కాస్త గట్టిగానే రాసింది, నిన్నటి కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది.

వారం తర్వాత మేనేజరు ఫోను చేశాడు. మిగతా శాఖల పని ఎదురు కొట్టుకు ఇచ్చారట. "పైవాళ్లకి పది నిమిషాల్లో చేసేవాళ్లు కావాలటండీ" అన్నాడు బాధగా. ఆ ‘పైవాళ్లు’ ఎవరో ఈసారీ పేరు చెప్పలేదు. పెట్టేసే ముందు, "మా ఇంట్లో ఒక పాత లాప్‌టాప్ ఉందండీ, ఆదివారం తెస్తాను. తీరిగ్గా" అన్నాడు.

ఫోను పెట్టి మేనకోడలు ఒక అట్టపెట్టె పక్క చింపింది. లావు పెన్నుతో పెద్ద అక్షరాలు రాసి, స్టూలెక్కి గుమ్మం పైన కట్టింది. ‘ఇక్కడ ఆలస్యంగా చేయబడును.’

మావయ్య వీధిలోకి వచ్చి, మెడ వంకరగానే పెట్టుకుని చదివాడు. ఏదో అడగబోయాడు. మేనకోడలు స్టూలు మీంచే వేలు చూపించింది. నోరు మూసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు కొట్టు తెరిచేసరికి ఒకతను లాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని, ఆ అట్ట కింద నిలబడి చదువుకుంటున్నాడు.

"ఎంత ఆలస్యమవుతుందండీ?"

"అది మీ ఇష్టమండీ" అని మేనకోడలు కుర్చీ చూపించింది.