మెల్లగా పిలిచిన పేరు

ఒక పేరు ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నా భార్య పోయేదాకా నా పక్కనే ఉంది, ఆమెకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అలాగే ఉండనివ్వండి. నా పేరు అడగొద్దు. నేను పనిచేసిన కోర్టు ఏదో కూడా అడగొద్దు. ఇది రాస్తున్నంతసేపూ నా కొడుకు లోపలికి వస్తాడేమోనని తలుపు వైపే చూస్తున్నాను.

నేను కోర్టు బంట్రోతుగా చేశాను. కేసు వంతు రాగానే గుమ్మంలోకి వచ్చి, ఆ మనిషి పేరు మూడుసార్లు పిలవడం నా పని. ఇంతేనా అనిపిస్తుంది వినడానికి. కానీ పిలిచినప్పుడు పలకకపోతే ఆ మనిషి రానట్టే లెక్క. ఆవరణలోనే కూర్చుని ఉన్నా సరే, రానట్టే. దేవుడు నాకు గొప్ప గొంతు ఇచ్చాడు. నేను పిలిస్తే గేటు బయట టీ తాగుతున్నవాళ్లు గ్లాసు కింద పెట్టి పరిగెత్తుకొచ్చేవాళ్లు. "నీకు మైకెందుకప్పా" అని వకీళ్లు నవ్వేవాళ్లు. నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

గొంతులో అడ్డం పడ్డ ఆ పేరు ఒక ఆడమనిషిది. ఆమెను సుంకమ్మ అని రాస్తున్నాను. అసలు పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆమెది హాలహర్వి అవతల ఒక పల్లె. పత్తి తీసే కూలీ. చేను ఆసామి ఏదో మాట మీద ఆమె చెంప పగలగొట్టాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం. పోలీసులు కేసు తీసుకోలేదు. ఆమె ఊరుకోలేదు, ఒక వకీలును పట్టుకుని నేరుగా కోర్టులోనే కేసు వేసింది. కూలి మనిషి ఆసామి మీద కేసు వేయడం మా పక్క చిన్న విషయం కాదు. రెండు వాయిదాలకు ఆమె రాలేకపోయింది. ఈసారి కూడా రాకపోతే కేసు కొట్టేస్తానని మా మెజిస్ట్రేటు అయ్యగారు గట్టిగానే చెప్పారు.

ఆ వాయిదాకు ముందురోజు గేటు పక్క టీ అంగడిలో ఆసామి మనిషి ఒకడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నాకూ టీ చెప్పాడు.

"మీ పిల్లోడు యా బడికి పోతాండాడప్పా?"

చెప్పాను. అప్పట్లో మా ఇల్లు ఆదోనిలో.

"పత్తి మార్కెట్టు దావలోనే కదా పొయ్యేది? ఆ దావలో లారీలు జాస్తి." వాడు టీ ఊదుకుని తాగాడు. "రేపు ఆ చెవిటామె కేసుంది. పిలవొద్దని నేననను. పిలువు. రోంత మెల్లగా పిలువు, అంతే."

తిట్టలేదు, బెదిరించలేదు. లేచి వెళ్లిపోయాడు. వాడు నిజంగా బెదిరించాడా, ఊరికే అడిగాడా? ఇప్పటికీ నాకు తేలలేదు. ఆ రోడ్డు మీద లారీలు ఎక్కువన్న మాట అబద్ధం కాదు కదా. ఊరికే అన్న మాటకు నేను ఒక మనిషి గొంతు కోశానా?

అసలు చెప్పలేనిది ఇక్కడుంది. చెప్పేస్తాను. ఆ సాయంత్రం ఇంటికి పోయి, పెరట్లో నిలబడి సాధన చేశాను. ఏదో నోటికొచ్చిన పేరు పెట్టి పిలిచాను. గొంతు ఎంత దించితే గోడ అవతల బట్టలు ఉతుకుతున్న మనిషి తల ఎత్తదో చూసుకున్నాను. "ఎవర్ని పిలుస్తాండావు?" అని నా భార్య వంటింట్లోంచి అడిగింది. ఎవర్నీ లేదన్నాను. భయపడ్డవాడు పారిపోతాడు, జ్వరమని సెలవు పెడతాడు, కనీసం ఏడుస్తాడు. భయపడ్డవాడు సాధన చేస్తాడా? కొడుకు కోసం చేశానని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. మరి గోడ అవతలి మనిషి తల ఎత్తనప్పుడు, సరిగ్గా కుదిరిందని నాకు కలిగిన ఆ తృప్తి ఎవరి కోసం?

మరునాడు సుంకమ్మ మొదటి బస్సుకే వచ్చినట్టుంది. కోర్టు తెరిచేసరికే ఉంది. నన్ను వెతుక్కుంటూ నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"అన్నా, నాకు చెవులు సరిగ్గా ఇనపడవు. ఆయప్ప కొట్టినప్పట్నించీ ఇంతే. నా పేరొస్తే రోంత గట్టిగా పిలువన్నా."

"నేనుండాను కదమ్మా. పోయి ఆడ రేకుల కింద నీడలో కూసో. పిలుస్తా."

ఆ రేకులు సైకిల్ స్టాండువి. గుమ్మానికి అన్నిటికన్నా దూరం. పక్కనే జిరాక్సు అంగడి జనరేటరు మోత. అక్కడికి నేనే పంపాను. ఆమె నాకు దండం పెట్టి పోయింది.

వంతు వచ్చింది. ఆమె వకీలు వేరే హాల్లో ఉన్నాడు. గుమ్మంలో నిలబడ్డాను. ఆమె ఇటే చూస్తోంది. నా నోరు కదలడం కనపడకుండా పక్కకు తిరిగి పిలిచాను. మూడుసార్లూ పిలిచాను, అది అబద్ధం కాదు. లోపల అయ్యగారికి వినపడేంత, బయట మెట్లు దాటనంత. ముందురోజు కుదిరినట్టే కుదిరింది. పార్టీ లేరని లోపలికి చెప్పాను. కేసు కొట్టేశారు. ఆసామి నిర్దోషి అయిపోయాడు.

సాయంత్రం హాలుకు తాళం వేస్తుంటే ఆమె వచ్చింది. "అన్నా, నా పేరింకా రాలేదా?"

"పిలిచినా కదమ్మా. మూడు తూర్లు పిలిచినా. నువ్వు పలకల్యా."

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అరచేత్తో తన ఎడమ చెవి మీద తనే కొట్టుకుంది. "ఈ పాపిష్టి చెవులు, ఈ పాపిష్టి చెవులు" అంటూ కొట్టుకుంటూనే ఉంది. ఆసామి కొట్టిన చెవి మీదే. ఆమె చెయ్యి పట్టుకుని ఆపడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

పై కోర్టుకు పోవాలన్నాడట వకీలు. ఇక్కడికి రావడమే ఆమెకు గగనమయ్యేది, ఇంక పై కోర్టుకు ఎక్కడ పోతుంది? ఆ ఊళ్లో ఆమెను మళ్లీ ఎవరూ కూలికి పిలవలేదని తర్వాత విన్నాను. ఆసామి మనిషి మళ్లీ నా జోలికి రాలేదు. నా కొడుకు అదే దారిలో బడికి పోయి, చదువుకుని, ఎమ్మిగనూరులో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్నాడు. ఉద్యోగం అయిపోయాక నేనూ వాడి దగ్గరికే వచ్చేశాను. అంతా మరిచిపోవచ్చనుకున్నాను.

పోయిన వేసవిలో ఎదురింట్లోకి ఒక కుటుంబం అద్దెకు దిగింది. ఆ ఇల్లాలు మగ్గాలవాళ్లకు నూలు కండెలు చుట్టే పనికి పోతుంది. ఆమె తల్లి పొద్దంతా అరుగు మీద కూర్చుంటుంది. ఒకరోజు ఆ ముసలామె నన్ను చూసి లేచి వచ్చింది. "నువ్వు కోర్టన్నవు కదా?" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె వీధి వీధంతా పిలిచి చెప్పింది: "ఈయన్న శానా మంచోడు. ఆ పొద్దు నన్ను నీడలో కూసోమన్న్యాడు. నా చెవులే నన్ను ముంచినాయి."

కోపం వచ్చినప్పుడల్లా కూతురు ఆమెను అదే మాటతో దెప్పిపొడుస్తుంది, ఆ రోజు కోర్టులో నువ్వు కునుకు తీయకపోతే మనం ఊరు విడిచేవాళ్లమా అని. ఆమె కునుకు తీయలేదని నాకు తెలుసు. ఆమె తల దించుకుంటుంది. నేను కిటికీ వెనక నిలబడి వింటాను. మనవరాలు అన్నానికి పిలుస్తుంది, అవ్వా, అవ్వా, అవ్వా అని. మూడో పిలుపుకు గానీ ఆమెకు వినపడదు. అది అయ్యేదాకా నాకు ఊపిరాడదు. వీధి గుమ్మం మానేసి వెనక సందులోంచి తిరుగుతున్నాను. దేనికింత భయం? ఆమె నన్ను చేయగలిగిందేముంది? ఏ కోర్టు నన్నిప్పుడు పిలుస్తుంది? నా కొడుకుకు తెలిస్తే? నీకోసమే చేశానురా అంటే వాడు నమ్ముతాడా? నేనే నమ్మడం లేదు కదా.

మొన్నామధ్య ధైర్యం చేశాను. మధ్యాహ్నం వీధిలో ఎవరూ లేరు. ఆమె చేటలో కొర్రలు చెరుగుతోంది. పోయి పక్కన కూర్చున్నాను. అంతా చెప్పాను. టీ అంగడి, పెరటి గోడ, సైకిల్ స్టాండు, ఏదీ దాచలేదు. ఏ పక్కన కూర్చున్నానో చూసుకోలేదని రాయబోయాను. అది అబద్ధం. చూసుకునే కూర్చున్నాను. ఎడమ పక్క. గొంతు కూడా ఆనాటి గొంతే.

ఆమె చేట ఆపి నా వైపు తిరిగింది. "ఏమంటివన్నా? ఆ పక్క ఇనపడదని నీకు తెల్దా? ఈ పక్కకొచ్చి సెప్పు."

"ఏం లేదమ్మా. ఎండ జాస్తిగుండాది అంటాండా."

ఆ రోజు నుంచి నేను కనపడితే చాలు, ఆమె అరుగు మీద ఎడమకు జరిగి కుడి పక్కన నాకు చోటు వదులుతుంది. నేనేదో చెప్పబోయానని ఆమెకు అర్థమైపోయింది. ఆ చోటు చూసి నేను వెనక సందులోకి తిరిగిపోతాను.

మీకు చెప్పేశాను. మీరు నన్ను క్షమించాలని కాదు, ఆ హక్కు మీది కాదు. ఒక్క మనిషికైనా వినపడేట్టు చెప్పాలనిపించింది. గొంతులో అడ్డం పడ్డది ఇవాళ కాస్త కదిలింది. కిటికీలోంచి చూస్తే ఆమె అరుగు మీదే ఉంది. కుడి పక్క చోటు ఖాళీగానే ఉంది.