టీచరమ్మ దిద్దిన వాక్యం

మా ఆయనకు ఇంగ్లీషు నేర్పిన టీచరమ్మంటే నాకు గిట్టేది కాదు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఆయన సూపర్‌వైజర్ కావాలని సాయంత్రాలు ఆమె దగ్గరికి వెళ్లేవాడు. ఇంటికొచ్చి, "షి గెట్స్ అప్ ఎట్ ఫైవ్, షి డ్రింక్స్ టీ" అంటూ ఆమె దినచర్యనే వల్లించేవాడు.

"ఆయమ్మ టీ తాగితే నీకేమప్పా?"

"పాఠం అట్లుండాది" అని నవ్వేవాడు.

ఒకరోజు కడుపుమంట ఆపుకోలేక నేనే ఆమె ఇంటికి వెళ్లాను. పెన్ను మూతను పళ్ల మధ్య పెట్టుకుని మాట్లాడటం ఆమె అలవాటు.

"రా అక్కా. మీ ఆయప్ప నీ గురించే రాసినాడు" అంటూ, ఆయన దిద్దడానికి ఇచ్చిపోయిన నోటుపుస్తకం తీసి అర్థం చెప్పింది: "నా భార్య ఆరు గంటలకు లేస్తుంది."

"ఆరుకు లేచేది ఆయప్ప. నేను నాలుగుకే లేచి బోరింగు కాడ నీళ్లకు నిలబడతా."

ఆమె నోట్లోంచి మూత తీసి నావైపు చూసింది. "దినామూనా?"

"దినామూ."

ఆరు కొట్టేసి నాలుగు అని రాసింది. కింద నీళ్ల సంగతి కూడా ఇంగ్లీషులో రాసి, నాచేత రెండుసార్లు పలికించింది. ఎనిమిదేళ్ల కాపురంలో 'దినామూనా?' అని నన్నెవరూ అడగలేదు.

ఆ సాయంత్రం ఆయన, నేను తెచ్చిచ్చిన పుస్తకం చంకన పెట్టుకుని ఆమె దగ్గరికి బయలుదేరుతుంటే, నాకు మళ్లీ కుళ్లు పుట్టింది. ఈసారి ఆయన మీద.