ఈశాన్యంలో డేటాబేస్

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో నాకు భయం తప్ప వేరే అనుభవం లేదు. భయస్తుల్లో కొందరు దేవుడికి మొక్కుకుంటారు, కొందరు జాబితాలు రాసుకుంటారు. నేను రెండో రకం. (ఊరికి బయల్దేరేముందు బ్యాగు సర్దుకోవడానికి కూడా నా దగ్గర వరస సంఖ్యలతో కాగితం ఉండేది.) కంపెనీ హైదరాబాదులో, నేను నర్సీపట్నంలో మా ఇంటి ముందుగదిలో. ఆరు నెలల ప్రొబేషన్ ముగిసే వారంలో ఒక పని అప్పజెప్పారు. ఒక ఆసుపత్రికి క్లౌడ్ మీద మొత్తం వ్యవస్థని మొదటినుంచీ నేనే రూపొందించాలి. అంటే, ఎక్కడో అద్దెకి తీసుకునే కంప్యూటర్లలో ఏది దేనితో మాట్లాడాలి, ఎవరిని లోపలికి రానివ్వాలి, రోగుల వివరాలు ఎక్కడ దాచాలి అన్నది ముందుగా బొమ్మ గీసి చూపించాలి. నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే "మీ భవిష్యత్తుకి శుభాకాంక్షలు" అని మెయిలు వస్తుంది.

గీయడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. పెట్టెల్ని మౌస్‌తో లాక్కొచ్చి తెర మీద పెట్టి, మధ్యలో బాణాలు కలపడమే. నాలుగు రోజులు కూర్చున్నాను. ఎడమవైపు బయటి జనం, వాళ్లకి ఎదురుగా ప్రతివాణ్ణీ తనిఖీ చేసే కాపలా పెట్టె, దాని వెనక సర్వర్లు, పైన కుడి మూల రోగుల వివరాలన్నీ దాచే, అన్నిటికన్నా పెద్దదైన డేటాబేస్. ముప్ఫై ఎనిమిది అంశాల తనిఖీ పట్టీ రాసుకుని ఒక్కొక్కటీ చూసి టిక్కు పెట్టాను. ఉదయం పదికల్లా అన్నీ అయ్యాయి. ఆన్‌లైన్ మీటింగు పదకొండింటికి.

పదింపావుకి పెదనాన్న వచ్చారు. ఆయన తాపీ మేస్త్రి. రావికమతం నుంచి రోలుగుంట దాకా ఆయన కట్టిన ఇల్లు లేని ఊరుండదు. అమ్మ ఇచ్చిన టీ పట్టుకుని నా వెనక నిలబడి తెర వైపు చూశారు.

"ఏట్రా ఇది, ఎవులిల్లు?"

"ఇల్లు కాదు పెదనాన్నా. కంప్యూటర్ల ప్లాను."

"ప్లానే కదా. ఇందులో బాగా బరువైనదేది?"

డేటాబేస్ చూపించాను. ఆయన టీ గ్లాసు కిటికీలో పెట్టేశారు.

"ఈశాన్యంలో అంత బరువెట్టీసినావేట్రా, సదువుకున్నోడివి? బరువు నైరుతిలో ఉండాల. ఈశాన్యం కాళీగా ఒదిలీయాల."

"దీనికి వాస్తు ఉండదు పెదనాన్నా. ఇది ఉత్త బొమ్మ."

"ఇంటి ప్లానూ బొమ్మే. మరి నీ ఇష్టం, నాను సెప్పీసినాను."

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "పెద్దాయన సెప్తన్నారు కదా, బేగి జరిపీ. జరిపితే ఏటి పోద్ది?"

నేను శాస్త్రీయంగా ఆలోచించాను. పెట్టె ఎక్కడున్నా బాణాలు మారవు కాబట్టి జరిపితే నష్టం లేదు. జరపకుండా ఉద్యోగం పోతే మాత్రం జీవితాంతం ఈశాన్యం గురించి వినాలి. (ఇదే శాస్త్రం అనుకున్నాను అప్పుడు.) డేటాబేస్‌ని పట్టుకుని కింద ఎడమ మూలకి లాగాను. "ఇంకొంచెం కిందకి. ఆఁ, సాలు" అన్నారు పెదనాన్న.

ఆ సాఫ్ట్‌వేర్‌కి ఒక అలవాటుందని నాకు తెలియదు. బాణం మొన పక్కన ఏ పెట్టెనైనా వదిలితే, ఆ బాణం పాత చోటు విడిచి కొత్త పెట్టెకి అతుక్కుంటుంది.

మీటింగులో మా లీడ్ మేడమ్ బొమ్మని చాలాసేపు చూశారు. "బయటినుంచి వచ్చేవాళ్లు కాపలా దగ్గర ఆగకుండా తిన్నగా డేటాబేస్‌లోకి వెళ్తున్నారు. ఎందుకలా పెట్టారు?" అన్నారు. చూశాను. నిజమే. ఊరందరి రోగాలూ వీధిలో ఆరబోసి ఉన్నాయి. నెట్ సరిగా లేదని చెప్పొచ్చు, పాత ఫైలు తెరిచానని చెప్పొచ్చు. నోరు మాత్రం నన్నడగకుండానే, "ఈశాన్యంలో బరువు ఉండకూడదని మా పెదనాన్నగారు అన్నారండీ" అంది.

మేడమ్ నేను పంపిన తనిఖీ పట్టీ తెరిచారు.

"మీ పట్టీలో 'డేటాబేస్‌కి బయటి దారి లేదు' అని టిక్కు ఉంది."

"టిక్కు పెట్టాక జరిపానండీ."

"మూడింటికి మళ్లీ చూపించండి. ఈసారి పట్టీ వద్దు. ఒక్కో బాణం ఎటు పోతోందో నోటితో చెప్పండి. దాన్నిబట్టి నిర్ణయం తీసుకుంటాను."

పెదనాన్న వెళ్లలేదు. అంతా విన్నారు. వాస్తు మాట ఎత్తకుండా స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. కట్టడం పూర్తయ్యాక ఆయన ప్రతి ఇంటినీ ఒకసారి వీధి గేటు నుంచి నడిచి చూసుకుంటారు, చేతిలో కాగితం ఉండదు. అదే మొదలెట్టారు.

"నాను వీధిలోంచి వొచ్చినాను. ముందు నన్నెవులాపుతారు?"

బాణం సరిచేసి, "ఈ కాపలా పెట్టె" అన్నాను.

"దొడ్డిదారి ఉందా?"

"లేదు."

"సూసి సెప్పు."

తెర మీద వేలు పెట్టి ఒక్కో బాణం వెంటా వెళ్లాను. ఉంది. రెండో రోజు ఏదో పరీక్షించడానికి గీసి మరిచిపోయిన సన్నటి బాణం, కాపలాని తప్పించి సర్వర్లలోకి. చెరిపేశాను. ముప్ఫై ఎనిమిది టిక్కుల్లో దేనికీ అది అడ్డురాలేదు.

మూడింటికి అన్ని బాణాలూ చెప్పాను. మేడమ్ ఒక్కటే అడిగారు. "డేటాబేస్ ఇంకా ఆ మూలే ఉందే?" ఉందండీ అన్నాను. "ఉండనివ్వండి" అన్నారు. తర్వాతి వారం ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది.

మావోడి ఉద్యోగం నైరుతి వల్లే నిలబడిందని పెదనాన్న ఇప్పటికీ మా పక్కూరు బలిఘట్టంలో చెబుతుంటారట. కాదనడానికి అప్పట్లో ఏడు కారణాలు రాసుకున్నాను. ఆ కాగితం ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. టిక్కులన్నీ లెక్క చూసుకుని, ఇక ఏ భయమూ లేదనుకున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే మాత్రం, వెళ్లి వాడి పక్కన ఒక స్టూలేసుకుని కూర్చోవాలనిపిస్తుంది.