పెట్టెలో పడబోయిన సంతకం

1997 జనవరి సార్వత్రిక ఎన్నికలకు, లెక్కల టీచరుగా ఉన్న నన్ను సింగపూర్ పడమటి వైపు ఒక వార్డులో ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. పోలింగ్ స్టేషన్‌కు ఆ ఆఫీసరే పెద్ద; అక్కడ ఏం జరిగినా జవాబు అతనే చెప్పుకోవాలి. కంప్యూటర్ ఉద్యోగాల మీద ఆంధ్రా కుర్రాళ్ళు విమానాలు దిగుతున్న రోజులవి. వాళ్ళకు ఓటు లేదు. మాలాంటి పాతకాపులకు ఓటుండీ, ఆ వార్డులో అప్పటిదాకా వేసే యోగం లేకపోయింది. రెండో అభ్యర్థి నిలబడేవాడే కాదు. నామినేషన్ల రోజునే గెలుపు ప్రకటించేసేవారు. దాన్ని వాకోవర్ అంటారు. ఈసారే పోటీ వచ్చింది. అందుకే తల నెరిసినవాళ్ళు కూడా పార్లమెంటు ఎన్నికల బ్యాలెట్ పత్రాన్ని ఆ పోలింగ్ రోజే మొదటిసారి చూశారు. నా గుబులంతా అదే.

మధ్యాహ్నం వెంకాయమ్మ ఆంటీ వచ్చింది. తాతల నాడు విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, బజారులో మలయ్. జరీ చీర కట్టుకుని పెళ్ళికి వచ్చినట్టే వచ్చింది. బూత్‌లోంచి బయటికొచ్చి, పెట్టె దగ్గర నన్ను చూసి మురిసిపోయింది.

"ఏలిముద్ర కాదు బాబూ, నా పేరే రాసీసినాను!"

ఓటరెవరో తెలిసే రాత ఉంటే ఆ ఓటు చెల్లదు. ఆమె చెయ్యి అప్పటికే పెట్టె మీదుంది.

"ఆంటీ, ఆగండి! వెయ్యకండి!" అని తెలుగులో అరిచాను.

గదిలో అందరూ ఇటే తిరిగారు. ఒక అభ్యర్థి తరఫున కూర్చున్న ఏజెంటు లేచి, "సార్, వాట్ యూ టెల్ హర్ ఆ?" అన్నాడు. ఎవరికి వెయ్యాలో నేను చెప్పానని అతని అనుమానం. ఆ కాగితం ఉన్నదున్నట్టు పెట్టెలో పడాల్సిందేనని, లేకపోతే నా మీద ఫిర్యాదు రాస్తానని పట్టుబట్టాడు. ఒళ్ళు మండింది. కానీ అతని కుర్చీలో నేనున్నా అదే అడిగేవాణ్ణి.

గదిలో అందరికీ వచ్చిన భాష మలయ్ ఒక్కటే. నేనన్నది మలయ్‌లో తిరిగి చెప్పి, ఎవరికి వేసిందో ఆ మాట ఎత్తకుండా, చేసిన పొరపాటు మాత్రం ఆంటీని కూడా మలయ్‌లోనే చెప్పమన్నాను. ఆమె ముఖం మాడిపోయింది.

"తెలుగోడివై ఉండి నాతో మలయ్ ఏటి? నానేటి దొంగతనం సేసినానా?"

అలా కసిరి, పేరు రాసిన సంగతి మలయ్‌లో చెప్పింది. పొరపాటున పాడైన పత్రాన్ని పెట్టెలో పడకముందు తిరిగిస్తే కొత్తది ఇవ్వవచ్చన్న నిబంధనను ఏజెంటుకు తీసి చూపించాను. చదివి కూర్చున్నాడు. మడత విప్పకుండా పాత పత్రాన్ని రద్దుచేసి కొత్తది ఇచ్చాను. గోడ మీది బొమ్మ చూపించి, ఒక్క పేరు పక్కన ఇంటూ గుర్తు చాలని అదీ మలయ్‌లోనే చెప్పాను. ఆమె ఓటు వేసింది. వెళ్తూ నా వైపు చూడలేదు.

తర్వాతి ఎన్నికల్లో ఆ వార్డు మళ్ళీ వాకోవర్. ఆ పైవి వచ్చేలోగా ఆంటీ పోయింది. బతుకంతటిలో ఆమె పార్లమెంటుకు వేసిన ఓటు అదొక్కటే.

పొరపాటును పెట్టెలో పడకముందే ఆపాలి. ఆపే మాట గదిలో అందరికీ అర్థం కావాలి. ఆ తర్వాత ఏ ఎన్నికల డ్యూటీలోనూ, మనవాళ్ళు ఎవరొచ్చినా తెలుగులో పలకరించలేదు. పొగరన్నారు. అననిచ్చాను.