అక్క దగ్గు ఎటువైపు

మా ఇంట్లో ముందు గది కిరాణా కొట్టు, వెనక గది బీడీలది. ముందు బాపు బేరమాడేవాడు, వెనక అక్క తునికాకులో తంబాకు పోసి చుట్టేది. నేను రెంటి మధ్య గడపలో కూర్చుని చదివాను. అందుకే డాక్టర్నయ్యాక కూడా దేన్నీ చెప్పిన ధరకు తీసుకోవడం చేతకాలేదు. చివరికి పరిశోధన ప్రశ్నను కూడా.

తొంభైల చివర్లో, పీజీ థీసిస్ కోసం హైదరాబాదులో మా సారు ముందు ఒక ప్రశ్న పెట్టాను. తంబాకు దుమ్ము బీడీలు చేసే ఆడవాళ్ళ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుందా?

"ఎవరిని, ఎవరితో పోల్చి, ఏం కొలుస్తావయ్యా? చిన్నది చెయ్యి" అన్నారు.

తగ్గించమంటే నాకు పండగే. ఊపిరితిత్తులు తీసేసి దగ్గు పెట్టాను. జిల్లా తీసేసి బోధన్‌లో అక్క వాళ్ళ గల్లీ పెట్టాను. ఏళ్ళ తరబడి గమనించడం ఎందుకని, ఒక్కసారి వెళ్ళి అడిగి వచ్చే పద్ధతి ఎంచుకున్నాను. ఇప్పుడు బీడీలు చేస్తున్నవాళ్ళు ఒకవైపు, చెయ్యనివాళ్ళు ఇంకోవైపు; ఎటు దగ్గు ఎక్కువో చూడాలి. సారు వరండాలో నడుస్తూనే తలూపారు.

అసలు ప్రశ్న సారుకు చెప్పలేదు. అక్క ఆయాసంతో బీడీలు మానేసింది. ఆ చోట్లో తొమ్మిది చదివే మేనకోడల్ని కూర్చోబెట్టాలని అక్క అత్తగారి పట్టుదల.

"నేను చెప్తే ఇనది తమ్మీ. డాక్టర్లు లెక్కగట్టి చెప్పిన్రంటె ఇంటది. జెల్ది తే" అంది అక్క.

అప్పటికి బాపు లేడు, కొట్టూ లేదు. జిల్లా కేంద్రంలో, కంఠేశ్వర్‌లో ఒక గది తీసుకుని, పొద్దున బోధన్ బస్సెక్కి, సాయంత్రం అక్కడి చక్కెర ఫ్యాక్టరీ చెరకు మడ్డి వాసన చొక్కాతో మోసుకొచ్చి, హోటల్లో గోడవైపు కూర్చుని తినేవాణ్ణి.

ఒక ఆదివారం మధ్యాహ్నం లెక్క తేలింది. బీడీలు చెయ్యనివాళ్ళకే దగ్గు ఎక్కువ! మళ్ళీ వేశాను. అదే. ఇలా వచ్చిందేమిటని అడగడానికి గదిలో ఫ్యాను తప్ప ఎవరూ లేరు.

సారు కాగితం చూసి ఒక్కటే అడిగారు. "మానేసినవాళ్ళను ఎటు వేశావు?"

మా గల్లీల్లో చేతనైనంత కాలం ఎవరూ మానరు. ఊపిరాడకపోతేనే ఒడిలోని బీడీల చాట కింద పెడతారు. నేను "ఇప్పుడు చేస్తున్నారా?" అని అడిగాను, వాళ్ళు లేదన్నారు. అలా దగ్గేవాళ్ళందరినీ చెయ్యనివాళ్ళ వైపు తోశాను. అందులో అక్క కూడా ఉంది. బేరం గెలిచి సరుకు కొట్లోనే మరిచి వచ్చినట్టయింది నా పని.

"కొత్తగా మొదలుపెట్టే పిల్లల్ని, పెట్టని పిల్లల్ని, ఇవాళ్టి నుంచి ఏడాది పాటు చూడు" అన్నారు సారు.

ఒట్టి చేతులతో అక్క ఇంటికి వెళ్ళాను.

"ఏమాయె డాక్టర్ సాబ్, నీ లెక్క?" అంది అత్తగారు.

"ఇంక తేలలే అత్తమ్మా. తేలేదాంక పిల్లను కూసోబెట్టకుండ్రి."

"ఎన్నొద్దులు?"

"డిగ్రీ అయ్యేదాంక."

"ఏందీ! బీడీలు రాని పిల్లను ఎవడు జేసుకుంటడు? ఈ వానకాలం దాంక ఆగుత."

"పోనీ, ఇంటర్."

"అంగడోని కొడుకువి, ఎంత సదివినా బుద్ధి పోలే! పది పరీక్షలు. గంతే."

"ఫెయిలైతే మల్ల రాసేదాంక."

అక్క నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి జారింది. అత్తగారు అటు చూసి, "సరే తియ్యి" అంది.

సారుకు చెబితే, "నువ్వే ఆపించావు కదా, ఆ ఇల్లు లెక్కలోంచి తీసెయ్" అన్నారు. న్యాయమే.

ఆ ఏడాదంతా ఊపిరి బలం కొలిచే గొట్టం పట్టుకుని గల్లీలో ఇల్లిల్లూ తిరిగాను. చాట పట్టిన పిల్లలూ, పట్టనివాళ్ళూ వరుసగా ఊదేవారు. ఒక్క అక్క ఇంటి ముందు గొట్టం సంచిలో వేసేవాణ్ణి.

"అందరితోని ఊదిపిస్తున్నవ్. నేనేం జేసిన మామా?" అంది మేనకోడలు ఒకనాడు.

"నువ్వు లెక్కల లేవు బిడ్డా."

దాని ముఖం చిన్నబోయింది. గొట్టం తీసిచ్చాను. రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని ఊదింది. గొట్టం మీది ముల్లు బాగా పైకి పోయింది. ఎక్కడా రాయకుండా, కాసేపు ఆ ముల్లునే చూసి, వేలితో కిందికి దించాను.