కీల మధ్య ఎర్ర బొడిపె

పోడు భూముల పట్టా దరఖాస్తులను కంప్యూటర్లోకి ఎక్కించే పని మీద రెండేళ్లు టేకులపల్లి చుట్టుపక్కల ఊళ్లు తిరిగాను. ఆఫీసులో మొదట ఇచ్చిన లాప్‌టాప్ పాతది, మోస్తే భుజం లాగేది. దాని కీల మధ్య చిన్న ఎర్ర రబ్బరు బొడిపె ఉండేది. చూపుడు వేలితో కాస్త నెడితే తెర మీద బాణం గుర్తు అటే కదిలేది. కీల మీది నుంచి చేతులు తీయనక్కర్లేదు. చెమట పట్టినా ఇబ్బంది లేదు. నాకది బాగా అలవాటైంది.

రెండో ఏడు ఎండాకాలంలో దాన్ని తీసుకుని పల్చటి కొత్తది ఇచ్చారు. బొడిపె లేదు. అరచేతులు ఆనేచోట నున్నటి పలక, దాని మీద వేలు జరపాలి. ఆఫీసు ఫ్యాను కింద బాగానే ఉంది. బడి వరండాల్లో చెమట చేతులతో కూర్చుంటే మాత్రం నా మాట వినలేదు. టైపు చేస్తుండగా బొటనవేలు తగిలితే చాలు, రాసేది వేరే వరుసలో పడేది.

ఒక ఊళ్లో సాయంత్రం సర్దుకుంటుంటే, పొద్దున దరఖాస్తు ఇచ్చిన ముసలమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నాది ఎంత రాసినవో ఒక్కసారి చదువు బిడ్డా."

"మూడెకరాలు" అని చదివాను.

"నాకాడ గంత భూమి యాడిది? ఎకరన్నరే. మూడెకరాలు పక్కోళ్లది."

అక్కడే ఉన్న ఫారెస్టు గార్డు నవ్వాడు. "ఎక్కువనే పడ్డది గదా పెద్దమ్మా, ఊకో."

"కొలవొచ్చినోళ్లు అబద్ధం చెప్పిన్నని మొత్తమే కొట్టేస్తరు" అందామె.

పక్కవాళ్ల వరుస చూశాను. విస్తీర్ణం గడి ఖాళీగా ఉంది. వెనక్కి వెళ్లి చూస్తే అలాంటి ఖాళీలు ఇంకా కనిపించాయి. నాలుగు ఊళ్ల పని. ముందు ఊళ్ల కాగితాలేమో అప్పటికే పై ఆఫీసుకు పోయాయి.

మర్నాడు మా ఆఫీసరుకు ఫోన్ చేశాను.

"కొత్తది ఇస్తే గూడ ఏంది గీ లొల్లి?" అన్నారు.

"పాతదే ఇప్పించండి సార్."

"దాని బ్యాటరీ అర్ధగంట గూడ ఆగదు గదా."

"కరెంటున్న ఇంట్ల కూసుంట సార్."

రెండు రోజులకు జీపులో పంపారు. రబ్బరు అరిగిపోయి ఉంది, అయినా వేలికి ప్రాణం లేచొచ్చింది. ఆ నాలుగు ఊళ్లూ మళ్లీ తిరిగాను. కరెంటు పోతే ఆగడం, వస్తే రాయడం. ప్రతి వరుసా పైకి చదివి వినిపించాను. "మళ్లొచ్చినవా?" అని అడిగారే తప్ప ఎవరూ కోప్పడలేదు. కోప్పడి ఉంటే కొంత తేలికయ్యేది.

మరుసటి ఏడు ముసలమ్మకు ఎకరన్నరకే పట్టా వచ్చింది. అప్పటికి నేను మణుగూరులో వేరే ఉద్యోగంలో చేరాను. ఇంకో ఊళ్లో ఇద్దరివి తప్పుగానే మిగిలాయని, వాళ్లు ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారని తెలిసింది. రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లి, వాళ్లతోపాటు వరుసలో నిలబడి సరిచేయించి వచ్చాను.